కూడలిలో మందుపిప్పి

మా ఆయన ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నలభైమంది హంతకుల్ని పట్టుకున్నాడు. తన నోటిని మాత్రం ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాడు.

మా ఊరు ఫోషాన్ డిటెక్టివ్ విభాగంలో కామ్ వింగ్‌చోయ్ పేరు చెబితే దొంగలు వీధి మారతారు. అదే కామ్ వింగ్‌చోయ్‌ని ఓ పళ్ళెం పీతలూ, రెండు సీసాల చల్లటి బీరూ ఎక్కడికి కావాలంటే అక్కడికి నడిపించుకుపోతాయి. ఆదివారం మా తోడికోడలి కొడుకు పెళ్ళివిందులో అదే జరిగింది. మంగళవారం తెల్లవారేసరికి ఆయన కుడికాలి బొటనవేలు వంకాయంత అయింది, వంకాయ రంగులోనే. దుప్పటి అంచు తగిలితే కేక. నేను గదిలోకి వస్తే, గాలి కదిలిందని కేక. "కాస్త మెల్లగా ఊపిరి పీల్చలేవూ?" అన్నాడు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళకి నాకు ఊపిరి పీల్చడం నేర్పుతున్నాడు.

ఈ గౌట్ నొప్పిని మా పాత వైద్యులు తెల్లపులి అంటారు. కీలులో దూరి కొరుకుతుందట. నాకు ఆ పులి మీద జాలేసింది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆయన్ని తొక్కుడుబండిలో ఎక్కించి లూయ్ డాక్టరమ్మ కొట్టుకు తీసుకెళ్ళాను. డెబ్భైతొమ్మిదేళ్ళ మనిషి, బస్తా మీద వాలిన పిచ్చుకంత ఉంటుంది. మందుల అరలు గోడ నిండా ఉంటాయి. పై అరలు అందుకోవడానికి ఆవిడ నిచ్చెన ఎక్కుతుంటే చూసేవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి.

ఆ వేళ గుమ్మంలో కానిస్టేబుల్ ఉన్నాడు. లోపల తోలు కోటు వేసుకున్న ఇన్‌స్పెక్టర్ షెక్ పాక్‌హో ఉన్నాడు. ఆరేళ్ళ కిందట మా ఆయన చేతికింద పని నేర్చుకుని, ఇప్పుడు మా ఆయన కుర్చీ మీద కన్నేసినవాడు.

"సార్! మీరు సెలవులో ఉన్నారు కదా?" అన్నాడు షెక్.

"నేను సెలవులోనే ఉన్నాను. నా వేలు డ్యూటీలో ఉంది. ఏమైందిక్కడ?"

"విషం పెట్టిన కేసు. చేపల హోటల్ టామ్ క్వాయ్‌సాంగ్ మీకు తెలుసుగా, ఆయన కూడా గౌట్ మనిషే. నిన్న ఈవిడ ఇచ్చిన కషాయం తాగాడు. పెదాలు మొద్దుబారి, వేళ్ళు చచ్చుబడి, గుండె దారి తప్పి నాలుగున్నరకు పడిపోయాడు. ఇంకా స్పృహ లేదు. వసనాభి విషమని ఆసుపత్రివాళ్ళు తేల్చారు." షెక్ గోడ మీద ఒక అరను వేలితో కొట్టాడు. "వసనాభి ఎక్కడుంది? ఇదిగో, ఇక్కడ. ఇంకేం కావాలి? అరెస్టు కాగితం ఆరింటికి వస్తుంది. కొట్టుకు తాళం, ఈవిడకు సంకెళ్ళు."

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆరింటికి కదా నాయనా? ఇంకా మూడే. ఈలోగా ఈ వేలు చూడనీ."

ఆవిడ మా ఆయన మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది.

"పీతలు ఎన్ని?"

"రెండు" అన్నాడు మా ఆయన.

ఆవిడ వేళ్ళు కొంచెం నొక్కాయి. "ఎన్ని?"

"నాలుగు... అయిదు, అవ్వా."

నేను ఆశ్చర్యపోయాను. మూడు రోజులుగా నేను అడుగుతూనే ఉన్నాను. "నాడిలో పీతల లెక్క కూడా తెలుస్తుందా అవ్వా?"

"లేదమ్మాయ్. ఇతను రెండన్నప్పుడు నీ నిట్టూర్పు విన్నాను." అని ఇంకా కళ్ళు తెరవకుండానే అంది, "నాడిలో వేరే తెలుస్తోంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నాడు. ఎడమ నడుములో చిన్న రాయి కూడా ఉంది. అది నీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు. మా ఆయన పైకప్పు వంక చూశాడు.

నొప్పి కుడికాలికి. ఆవిడ సూది గుచ్చింది ఎడమచేతి బొటనవేలి మొదట్లో. అటు కాదేమో అని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మింగడమే మంచిదైంది. ఆవిడ సూదిని రెండు వేళ్ళ మధ్య గింజ నలిపినట్టు నలుపుతూ, "కాలివేలు కదుపు" అంది. దుప్పటి అంచుకు కేక పెట్టిన మనిషి, వేలు కదిపాడు. మళ్ళీ కదిపాడు. చిన్నపిల్లాడు మొదటిసారి బొంగరం తిప్పినట్టు నా వంక చూశాడు. మోకాలి కింద రెండు, పాదం మీద ఒకటి, అలా ఇంకో మూడు సూదులు పడ్డాయి. వంకాయ రంగు నా కళ్ళముందే ముల్లంగి రంగులోకి దిగుతోంది. ఈ చేతులకా ఆరింటికి సంకెళ్ళు?

"అరగంట కదలకూడదు" అంది డాక్టరమ్మ.

"నోరు కదపొచ్చా?" అన్నాడు మా ఆయన. ఒంట్లో నాలుగు సూదులతో వెల్లకిలా పడుకునే విచారణ మొదలుపెట్టాడు. "టామ్‌కు ఏమిచ్చారు?"

"నీకు ఇవ్వబోయేవే. ఫిరంగి చెక్క, పసుపుపచ్చని చేదు బెరడు, నీరు లాగే గింజలు. అన్నీ చల్లబరిచేవి. ఎర్రగా కాలుతున్న కీలుకు వసనాభి ఇవ్వడమంటే మండే పొయ్యిలో నూనె పోయడం. అరవై ఏళ్ళ అనుభవం అక్కర్లేదు దానికి. ఆరు రోజులు నా దగ్గర పనిచేసినవాళ్ళకీ తెలుసు."

"మరి వసనాభి ఎవరికిస్తారు?"

"చలికి బిగుసుకునే కీళ్ళకి. శుద్ధి చేసింది ఇస్తాను. ముందు అదొక్కటే గంటసేపు మరగాలి. తరవాతే మిగతావి వెయ్యాలి. గంట ఆగితే మందు. ఆగకపోతే నువ్వు చూస్తున్నావుగా."

"ఈ వారం ఎవరికిచ్చారు?"

డాక్టరమ్మ సూదిని ఒకసారి నలిపింది. "అది చెప్పను."

"అవ్వా, ఆరింటికి..."

"తెలుసు. ఎవరి రోగం వాళ్ళది. నాడి పట్టుకున్నప్పుడు విన్నది నా దగ్గరే ఉంటుంది. ఆరింటికి నాకేమైనా సరే."

షెక్ చప్పట్లు కొట్టాడు. "విన్నారా సార్? దాచుతోంది."

"విన్నాను. నువ్వు విన్నావా? టామ్ ఎన్నింటికి తాగాడు?"

"నాలుగింటికి. ఆయన భార్య చెప్పింది."

"ఇంకెవరినైనా అడిగావా?"

"భార్య చెప్పాక ఇంకెవరినడగాలి?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా పెళ్ళయినవాణ్ణి" అన్నాడు మా ఆయన. "భార్య చెప్పాకే ఇంకొకరిని అడుగుతాను."

ఆ మాట సంగతి ఇంటికెళ్ళాక చూద్దామనుకున్నాను.

నాలుగింటికి సూదులు తీశారు. మా ఆయన కుడికాలికి మెత్తటి చెప్పు వేసుకుని, నా భుజం పట్టుకుని నడిచాడు. టామ్ ఇల్లు మూడు సందుల అవతల. షెక్ మోటార్‌సైకిల్ మా వెనకే నత్తలా వచ్చింది. కేసు తనది, మేం ఏదైనా పాడుచేస్తామేమోనని.

టామ్ భార్య సౌహా ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి ఉంది. యాభై అయిదేళ్ళుంటాయి. కళ్ళు వాచిపోయాయి. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"మూడింటికి ఆయన పొట్లం పొయ్యి మీద పెట్టి మాజాంగ్ ఆటకు వెళ్ళాను. నాలుగింటికి తాగమన్నాను. నాలుగున్నరకు వచ్చేసరికి నేల మీద ఉన్నారు. ఆ ముసలావిడ నా మొగుణ్ణి చంపేసింది సార్!"

"ఇంకా చావలేదమ్మా" అన్నాడు మా ఆయన మెల్లగా. "వడకట్టిన మందుపిప్పి ఏంచేశారు?"

"చెత్తబుట్టలో వేశాను. పొద్దున్నే బండి వచ్చి పట్టుకుపోయింది."

"కుండ?"

"కడిగేశాను."

వంటింట్లో గోడమేకుకు మందు పొట్లాలు రెండు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒకటి తెల్లదారంతో, ఒకటి ఎర్రదారంతో. డాక్టరమ్మ చేతిరాత పెద్దది, ముసలికళ్ళకు కూడా కనబడేంత. తెల్లదారం మీద 'మంగళవారం, అయిదు, టామ్' అని ఉంది. ఎర్రదారం మీద పేరు లేదు, 'సోమవారం, ఏడు' అని మాత్రం ఉంది. మా ఆయన ఎర్రదానికి చెయ్యి చాపాడు.

"అది ఆడవాళ్ళ మందు సార్" అంది సౌహా.

మా ఆయన చెయ్యి కాలే కుండ మీద పడ్డట్టు వెనక్కి వచ్చింది. షెక్ అప్పటికే గుమ్మం బయట ఆకాశం చూస్తున్నాడు. ఇద్దరు పోలీసులను ఒక్కమాటతో వంటింట్లోంచి వెళ్ళగొట్టడం అంత తేలిక. అయినా మా ఆయన పెదాలు కదలడం నేను చూశాను. ముట్టుకోకుండానే లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. తెల్లవి నాలుగు. ఎర్రవి రెండు.

ఎదురుగా బియ్యపు సేమ్యా అమ్మే ముసలాయనను మా ఆయన పలకరించాడు.

"టామ్ మందు తాగడం చూశావా బాబాయ్?"

"చూడకేం! మూడున్నరకు ఆ గుమ్మంలోనే కూర్చుని తాగాడు. నా రేడియోలో అప్పుడే ఒపెరా మొదలైంది. మొహం కాకరకాయలా పెట్టాడు. ఏమయ్యా చేదా అంటే, కొత్తరకం మందు, పెదాలు చిమచిమలాడుతున్నాయి, అన్నాడు."

మూడింటికి పొయ్యి మీద పెట్టింది, మూడున్నరకు గొంతు దిగింది. మా ఆయన షెక్ వంక చూశాడు. షెక్ తన బూటు వంక చూసుకున్నాడు.

నా బుర్రలో మాత్రం చెత్తబుట్ట తిరుగుతోంది. మంచాన మనిషి ఉన్న ఇంట్లో మందుపిప్పి చెత్తబుట్టలో వేసే ఇల్లాలు మా ఊళ్ళో ఉందా? దాన్ని నాలుగు దారులు కలిసేచోట పోస్తాం. పదిమందీ తొక్కి ఆ రోగాన్ని తలాకాస్త పట్టుకుపోతారని. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చదివాను. అయినా మా ఆయన పిప్పి కూడళ్ళలోనే పోశాను.

ఇరవై అడుగుల దూరంలో కూడలి ఉంది. అక్కడ ఒకటి కాదు, మూడు పిప్పికుప్పలు, మనుషుల చెప్పుల కిందా, బండి చక్రాల కిందా నలిగి ఉన్నాయి. మూడింటినీ మూడు క్యాబేజీ ఆకుల్లోకి ఎత్తి బుట్టలో పెట్టుకున్నాను.

"వదినగారూ, రోడ్డు మీద చెత్త కూడా సాక్ష్యమేనా?" అని నవ్వాడు షెక్.

"వంటకు కాదులే మరిదీ, కంగారుపడకు" అన్నాను.

వాంగ్మూలం మీద వేలిముద్ర కావాలని చెప్పి మా ఆయన సౌహాను కూడా కొట్టుకు తీసుకొచ్చాడు. మేం వచ్చేసరికి అయిదుంపావు. డాక్టరమ్మ బల్ల మీద తెల్లకాగితం పరిచింది. నేను మూడు ఆకులూ విప్పాను. ఎక్కడివో చెప్పలేదు.

తరవాతి పది నిమిషాలు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకోలేదు. మొదటి కుప్ప మీద వంగి వాసన చూసింది. "దగ్గు. చిన్నపిల్ల. రెండురోజుల్లో తగ్గుతుంది." పక్కకు జరిపింది. రెండోది వేలితో కలిపింది. "బాలింత. పాలు చాలడంలేదు." పక్కకు జరిపింది. మట్టీ, చెప్పుల మురికీ అంటిన ఆ పీచుముక్కలు ఆవిడకు ఉత్తరాల్లా ఉన్నాయి. రాసింది ఎవరైనా చదివేది ఆవిడే.

మూడో కుప్ప దగ్గర వేళ్ళు ఆగాయి. ఒక్కొక్క ముక్కే తీసి కాగితం మీద వరసగా పేర్చింది. కొమ్మముక్క. దాల్చినపుల్ల. అల్లం. తరవాత నల్లగా, పలచగా, గోరంత బిళ్ళ ఒకటి. తరవాత ఇంకొకటి. అలాంటివి ఏడు. ఫిరంగి చెక్క లేదు. పసుపుపచ్చ బెరడు లేదు.

ఒక నల్లబిళ్ళను నీళ్ళలో కడిగి, విరిచి, నాలుక కొసకు తాకించింది.

"అవ్వా!" అన్నాం అందరం.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. కళ్ళు మూసుకుని ఉంది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. తరవాత ఉమ్మేసి, నోరు పుక్కిలించి, చెప్పింది.

"మొద్దుబారింది. అరగంటకు మించి మరగలేదు. అన్నీ ఒకేసారి వేశారు." ఒక్క క్షణం ఆగింది. "ఈ వసనాభి నాదే. ఇంత పలచగా కోసేది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే."

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మా ఆయన సగం లేచి నిలబడ్డాడు, నొప్పి మర్చిపోయి.

"ఒప్పుకుంది!" షెక్ గొంతు కొట్టంతా మోగింది. "అందరూ విన్నారు!"

"ఒప్పుకున్నది ముక్క సంగతి" అన్నాడు మా ఆయన. "పొట్లం సంగతి నేను చెబుతాను విను. టామ్‌కు మంగళవారం అయిదు పొట్లాలిచ్చారు. మంగళవారం ఒకటి తాగాడు. నిన్న ఇంకొకటి తాగి ఉంటే మూడు మిగలాలి. మేకుకు నాలుగున్నాయి. అంటే నిన్న తాగింది తన పొట్లం కాదు. మరి ఎవరిది?"

డాక్టరమ్మ సౌహా వైపు చూడనైనా చూడలేదు. నల్లబిళ్ళలను కాగితంలో మడుస్తూ కూర్చుంది. ఆ చూడకపోవడంలో ఎంత నిబ్బరం ఉందో నాకు అప్పుడు అర్థమైంది. పక్కనే ఉన్న మనిషి ఒక్కమాటతో తనను కాపాడగలదు. ఆ మాట అడగదు.

షెక్ ఊరుకోలేదు. "అయితే పెళ్ళామే చంపాలని పెట్టిందంటారా? సరే, ఈవిడనూ తీసుకెళతాను!"

"ఆగు మరిదీ" అన్నాను. నేను మధ్యలో మాట్లాడకూడదని మా ఆయన రూలు. ఆ రూలును నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. సౌహా పక్కన కూర్చున్నాను. "చెల్లీ, కుండ కడిగావు. పిప్పి చెత్తబుట్టలో వేశానని చెప్పావు. నిజంగా అక్కడే వేసి ఉంటే పొద్దున బండిలో పోయేది, ఎవరికీ దొరికేది కాదు. అంత భయంలోనూ కూడలిదాకా ఎందుకు తీసుకెళ్ళి పోశావు?"

సౌహా తల దించుకుంది.

"చంపాలనుకున్నది ఎవరూ అలా పొయ్యరు. ఆయన బతకాలని పోశావు. అవునా?"

ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. మాటలు వేళ్ళ సందుల్లోంచి వచ్చాయి.

"రెండు రాత్రులు ఏడ్చారక్కా. అంత మనిషి, దిండు కొరుక్కుని ఏడ్చారు. నా మోకాళ్ళు ఈ ఎర్రదారం మందుతోనే లేచాయి. ఆయన మందు పనిచెయ్యట్లేదు, అవ్వ నాకు మంచిదిచ్చి ఆయనకు చవకది ఇచ్చిందనుకున్నాను. నాది నేనే తీసి ఇచ్చాను."

"గంటసేపు మరగాలని చెప్పావా?" డాక్టరమ్మ మొదటిసారి ఆవిడ వైపు తిరిగింది.

"చెప్పాను." మళ్ళీ ఏడుపు. "లేదు. చెప్పలేదు. ఆటకు ఆలస్యమవుతోందని అన్నీ ఒకేసారి పొయ్యి మీద పెట్టేసి, మీ పొట్లం లాగే అరగంటకు తాగెయ్యండి అనేసి వెళ్ళిపోయాను."

మా ఆయన మాత్రం ఆవిడ ఏడుపు దగ్గర ఆగలేదు. ఆయన చూపు లెక్కలోనే ఉండిపోయింది.

"ఎర్రదారానివి సోమవారం ఏడు. సోమ, మంగళ, బుధ, మూడు రోజులు నువ్వు తాగావు. ఒకటి ఆయన తాగాడు. మూడు మిగలాలి. మేకుకు రెండే ఉన్నాయి. ఇంకొకటి ఏదమ్మా?"

సౌహా తలెత్తింది. ఆ మొహంలో రక్తం లేదు.

"ఫోక్ గారి కోడలికిచ్చాను... నిన్న ఆటలో. వాళ్ళ మామగారికి కూడా కాలివేలే. ఇవాళ మంచిరోజు, సాయంత్రం భోజనానికి ముందు మొదలుపెడతానంది. ఆ మందు మా ఆయన ఒంటికి పడలేదేమో అనుకున్నాను గానీ, ఇలా... అయ్యో, ఆయనకు ఎనభై ఏళ్ళక్కా!"

గడియారం అయిదూ ముప్పైఅయిదు. భోజనం ఆరింటికి. ఇప్పటికే కుండ పొయ్యి మీద ఉండి ఉంటుంది.

"ఫోన్ ఉందా వాళ్ళకి?" అన్నాడు మా ఆయన.

"లేదు. కాలవ అవతల ఇల్లు."

మా ఆయన డాక్టరమ్మ ఫోనందుకుని ఆసుపత్రికి చెబుతున్నాడు. డాక్టరమ్మ అప్పటికే నిచ్చెన ఎక్కి దిగింది, విషానికి విరుగుడుగా అతిమధురం పొట్లం, పెసలు, సూదుల పెట్టె సంచిలో పడ్డాయి. నేను కళ్ళు ఆర్పేలోగా గుమ్మం దగ్గర ఉంది. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. అవ్వ బయటికి కదలకూడదని షెక్ ఆజ్ఞ మరి.

బయట షెక్ మోటార్‌సైకిల్ మీదకెక్కి స్టార్ట్ చేశాడు. "అవ్వా, రండి, ఎక్కండి! తొందరగా!"

డాక్టరమ్మ ఆ చెయ్యి వెనకాలే నిలబడి ఉంది. "నేను అరెస్టులో ఉన్నానో లేదో తేల్చి చెప్పు నాయనా. లేకపోతే ఈ అబ్బాయి నన్ను దాటనివ్వడు."

మందుకోసం వచ్చి సందులో నిలబడ్డవాళ్ళంతా షెక్‌నే చూస్తున్నారు. బండి శబ్దం మించి అరవాల్సి వచ్చింది పాపం.

"లేరు! వదలరా ఆవిణ్ణి! తప్పు నాది అవ్వా, మొదటినుంచీ నాదే తప్పు!"